‘అవతార్’లో లేని కాగితాలు

జేమ్స్ కామెరాన్ ‘అవతార్’ 2009 డిసెంబరులో వచ్చింది. అప్పటి నుంచీ దాన్ని మన గిరిజనుల కథగా చెప్పుకోవడం అలవాటైపోయింది. 2010లో సర్వైవల్ ఇంటర్నేషనల్ సంస్థ, ఒడిశాలోని నియమగిరి డోంగ్రియా కోంధ్‌లను ఆదుకోమని ఆ దర్శకుడికే పత్రికా ప్రకటన ద్వారా విజ్ఞప్తి చేసింది. సెరంగూన్‌లో మేం నలుగురు తెలుగువాళ్ళం కూర్చుని ఈ సినిమా గురించి మాట్లాడుకున్నప్పుడూ అదే మాట: “అచ్చం మన అరకు కథే కదండీ!”

పోలిక ఉంది. చెట్టు కింద ఖనిజం, దానికోసం దిగిన కంపెనీ, ఆ చోటునే దైవంగా కొలిచే జనం. కానీ అరకుని అర్థం చేసుకోవడానికి ఈ సినిమా సాయపడకపోగా అడ్డం పడుతుందని నా అభిప్రాయం.

సినిమాలో ఎక్కడా ఒక్క కాగితం కనిపించదు. బుల్డోజర్లున్నాయి, తుపాకులున్నాయి, లీజు లేదు. విశాఖ మన్యం కథ దాదాపు అంతా కాగితాల మీదే నడిచింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1959 నాటి నిబంధన, దానికి 1970 సవరణ చెబుతున్నాయి. ప్రభుత్వ భూమికీ ఇదే వర్తిస్తుందని, ప్రైవేటు కంపెనీలకు అక్కడ గనుల లీజులు చెల్లవని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అయితే ప్రభుత్వ సంస్థ తవ్వుకోవచ్చన్న సందు ఒకటి మిగిలింది. 2005లో జిందాల్‌తో, 2007లో యూఏఈలోని రస్ అల్ ఖైమాతో రాష్ట్ర ప్రభుత్వం చేసుకున్న ఒప్పందాలు ఆ సందులోంచే వచ్చాయి. కొండ మీద బాక్సైట్ తవ్వేది ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ. కింద మాకవరపాలెంలో దాన్ని శుద్ధి చేసేది రస్ అల్ ఖైమా భాగస్వామిగా ఉన్న ఆన్‌రాక్. విదేశీ కంపెనీ కొండ ఎక్కనే ఎక్కదు. కింద నిలబడి సరుకు కొనుక్కుంటుందంతే. ఇందులో ప్రతినాయకుణ్ణి వెతికి పట్టుకోండి చూద్దాం!

సినిమా చివర ఓడిన కంపెనీ మనుషులు తలలు వంచుకుని ఓడెక్కి వెళ్ళిపోతారు. మన దగ్గర అంత సులువుగా తేలలేదు. జెర్రెల ప్రాంతంలో 1,212 హెక్టార్ల అడవిని గనులకు మళ్ళిస్తూ 2015 నవంబరులో 97వ నంబరు జీవో వచ్చింది. మన్యం భగ్గుమంది. 2019లో గాని అది రద్దు కాలేదు. ఈలోగా 2016లో, ఒప్పుకున్న బాక్సైట్ అందలేదని రస్ అల్ ఖైమా పెట్టుబడుల సంస్థ పరిహారం కోరుతూ భారత ప్రభుత్వంపై అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్ళింది.

నా అసలు పేచీ ఇంకోటి. గనుల అధికారి సెల్ఫ్‌రిడ్జ్ పాత్ర ఉంది చూశారా, మూడు నెలలకోసారి వాటాదారులకు లెక్క అప్పజెప్పాల్సిన మనిషి. (ఆఫీసులో రోజూ తగిలే రకం కాబట్టి, పండోరా మొత్తం మీద నాకు బాగా తెలిసినవాడు అతనొక్కడే.) బడి పెట్టాం, మందులిస్తామన్నాం, రోడ్డేస్తామన్నాం, ఇంకేం కావాలి వీళ్ళకి అని విసుక్కుంటాడు. నావీలకి అవేవీ అక్కర్లేదు. ప్రేక్షకుడు మురిసిపోయేది అక్కడే. కంపెనీ దగ్గర ఏమీ కోరనివాణ్ణి ప్రేమించడం చాలా తేలిక.

మన్యంలో మనిషికి బడి కావాలి, రోడ్డు కావాలి. రోడ్డు లేక నిండు గర్భిణుల్ని డోలీల్లో మోసుకుపోయిన ఊళ్ళవి. అక్కడి ఆదివాసులు పండించిన అరకు కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణమే తెరిచారు. వాళ్ళు మార్కెట్ ఎరగనివాళ్ళేమీ కాదు. వాళ్ళు అడిగేది రోడ్డూ, కొండా రెండూను. కొండ వదిలితే రోడ్డిస్తామనడం బేరం. పౌరుడికి రావలసిన రోడ్డుకి ఆ బేరం ఎందుకు? ఈ ప్రశ్నకు ‘అవతార్’లో చోటే లేదు. ఉంటే మా నలుగురి మాటా అంత హాయిగా సాగేది కాదు. “అభివృద్ధి వద్దంటే ఎలా?” అని ఎవరో ఒకరం తప్పకుండా అనేవాళ్ళం.

ఇక కథానాయకుడు. బయటివాడైన జేక్ సల్లీ వచ్చి, మహాపక్షినెక్కి నావీలను నడిపించాలి. నియమగిరిలో అలాంటివాడెవడూ దిగిరాలేదు. లండన్‌లో నమోదైన వేదాంత కంపెనీ తలపెట్టిన గని సంగతి గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ జులై, ఆగస్టుల్లో 12 పల్లెల్లో సభలు జరిగాయి. జిల్లా జడ్జి ఎదుట జనం లేచి తమ భాషలో చెప్పారు. పన్నెండూ వద్దన్నాయి. వేదాంత లాంజీగఢ్ కర్మాగారం మాత్రం ఆ కొండ కిందే, వేరేచోటి ఖనిజంతో నడుస్తోంది.