న్యూట్రినోలు – సౌష్ఠవ వాదము

ధర్మపురి వాకిళ్లలోని ముగ్గును కుడియెడమలు తారుమారు చేసి చూచినను రూపము మారదు. ఇదియే సౌష్ఠవము.

న్యూట్రినోలు మూడు రకములు; ఒకటి మరొకటిగా మారుచుండును. వాని ద్రవ్యరాశుల పట్టికలో మ్యూయాన్, టౌ రకములను తారుమారు చేసినను పట్టిక మారదని కొందరు శాస్త్రజ్ఞులు ఊహించిరి. అట్లయినచో ఈ మార్పులను నిర్ణయించు మూడు కోణములలో ఒకటి 45 డిగ్రీలు, వేరొకటి సున్న కావలెను. 2002లో హారిసన్, పెర్కిన్స్, స్కాట్ ప్రతిపాదించిన అందమైన నమూనాయు ఇట్టిదే.

2012లో చైనాలోని దయా బే ప్రయోగము ఆ సున్న కోణమును సుమారు 9 డిగ్రీలని తేల్చినది. పిమ్మట సౌష్ఠవము కొంత భగ్నమైనదని సవరణలు చేర్చిరి. ఏ కొలత వచ్చినను సవరించుకొను వాదము వివరణ యగునా? అసలు ద్రవ్యరాశులు నేటికిని కొలతకందలేదు. వాని వర్గముల భేదములే తెలిసినవి.

కావున విద్యార్థులారా, సౌష్ఠవమును సమాధానముగా గాక, పరీక్షింపదగిన ఊహగా గ్రహింపుడు.