కత్తికి లేని భయం మందుకెందుకు?

నలభై దాటిన ఆడవాళ్లు నలుగురు చేరిన చోట ఈ రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. "ఆ హార్మోన్ బిళ్లలు మింగకు, క్యాన్సర్ వస్తుంది" అన్నది ఒకటి. "పిల్లలు పుట్టేశారుగా, గర్భసంచితో ఇక పనేముంది, తీయించేసుకో" అన్నది రెండోది. మొదటి మాట అన్నవాళ్లే రెండో మాటా అంటారు. నెలసరి నెలకు రెండుసార్లు వస్తూ, వస్తే పదిహేను రోజులు ఆగక, ప్రయాణమంటేనే భయపడిపోతున్న మనిషి ఈ రెండూ విని చివరికి ఆపరేషన్ బల్ల ఎక్కుతుంది. ఆపరేషన్‌నూ హార్మోన్ వైద్యాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, మనం భయపడవలసిన చోట ధైర్యంగా ఉన్నామనీ, ధైర్యంగా ఉండవలసిన చోట భయపడుతున్నామనీ నాకు అనిపిస్తుంది.

ముందు ఆ రక్తం ఎందుకు పడుతుందో చూద్దాం. మన దేశంలో ముట్లుడిగే సగటు వయసు 46-47 ఏళ్లు. దానికి కొన్నేళ్ల ముందు నుంచే అండాశయం తడబడుతుంది. ఒక నెల అండం విడుదలవుతుంది, ఇంకో నెల కాదు. గర్భసంచి లోపలి పొరను పెంచేది ఈస్ట్రోజన్. దాన్ని అదుపులో ఉంచి, సమయం రాగానే ఒక్కసారిగా రాలిపోయేలా చేసేది ప్రొజెస్టిరాన్. అండం విడుదలైతేనే ప్రొజెస్టిరాన్ తగినంత తయారవుతుంది. విడుదల కాని నెలల్లో పొర పెరుగుతూనే ఉంటుంది, కోత లేని చేనులా. ఆ తర్వాత ఒక పద్ధతి లేకుండా, ఇవాళ కొంత, వారానికి కొంత, ఒక్కోసారి గడ్డలు గడ్డలుగా రాలుతుంది. ఇలాంటి రక్తస్రావంలో గర్భసంచికి జబ్బేమీ ఉండదు. అందవలసిన హార్మోన్ ఒకటి దానికి అందలేదు, అంతే.

అన్ని రక్తస్రావాలూ ఇలాంటివి కావు. ఫైబ్రాయిడ్ గడ్డలు, పాలిప్‌లు, థైరాయిడ్ లోపం, అరుదుగా లోపలి పొర క్యాన్సర్ కూడా ఇలాగే కనిపిస్తాయి. అందుకే ఏ దారి పట్టినా ముందు స్కానింగ్, రక్త పరీక్ష చేయించాలి. 45 దాటినవాళ్లకూ, అంతకన్నా చిన్నవాళ్లయినా ఊబకాయం, షుగరు ఉన్నవాళ్లకూ లోపలి పొర ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఈ మెట్టు దాటేసి ఇచ్చే వైద్యం కత్తిదైనా మందుదైనా తప్పే.

ఇప్పుడు కత్తి సంగతి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి ముగ్గురు గర్భసంచి తీయించుకున్నవారు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. మన ఆడవాళ్ల గర్భసంచులు మిగతా దేశపు గర్భసంచులకన్నా మూడింతలు పాడైపోయాయని నమ్మడానికి వైద్యపరంగా ఏ ఆధారమూ లేదు. తేడా జబ్బులో లేదు, అలవాటులో ఉంది. చిన్న వయసులో పెళ్లి, పాతికేళ్లలోపే కుటుంబ నియంత్రణ ఆపరేషన్, ఆ తర్వాత "ఇక పనేముంది" అనే మాట. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక డబ్బు కట్టే పని లేకపోవడంతో కొన్నిచోట్ల ఇది ఇంకా తేలికైంది. మెదక్ పల్లెల్లో ఈ అనవసర ఆపరేషన్ల లెక్క తీసి లోకానికి చూపినవారు డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్. ఇలాంటి ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఆపరేషన్‌కు ఉన్న గుణాన్ని దాచను. రక్తం ఆగుతుంది, మళ్లీ రాదు. క్యాన్సర్ ఉన్నవారికి, గడ్డలు బాగా పెరిగిపోయినవారికి, మందులన్నీ వాడినా రక్తహీనత తగ్గనివారికి అది ప్రాణం నిలిపే వైద్యం. దాని లోపాలు మాత్రం సంతకం పెట్టించుకునే ముందు ఎవరూ చెప్పరు. ఆరు వారాలు బరువులెత్తకూడదు. కూలికి వెళ్లే మనిషికి ఆరు వారాల విశ్రాంతి ఎవరిస్తారు? గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఒక్క పూటలో ముట్లుడిగిపోయినట్టే. ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముందే తలుపు తడతాయి. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి ముందుగానే పనిచేయడం మానేస్తాయి. నలభైలోపే ఈ ఆపరేషన్ అయినవాళ్లు నడుము నొప్పి, నీరసం అంటూ ఆసుపత్రుల చుట్టూ తిరుగుతుంటే, దానికీ దీనికీ సంబంధం ఉండవచ్చని ఇంట్లో ఎవరికీ తట్టదు.

హార్మోన్ వైద్యం ఒక్కటి కాదు. మందుల షాపులో అందరికీ తెలిసినది నోరెథిస్టిరోన్ బిళ్ల. వాడినన్నాళ్లు రక్తం ఆగుతుంది, ఆపిన రెండుమూడు రోజుల్లో మళ్లీ వస్తుంది. అలా రావడం ఆ మందు పని తీరే. ఆ మాట ముందే చెప్పకపోవడంతో "మందు పనిచేయలేదు" అనుకుంటారు. ఓర్మెలాక్సిఫెన్ లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టింది. అది స్టెరాయిడ్ హార్మోన్ కాదు, గర్భసంచి పొర మీద ఈస్ట్రోజన్ పని చేయకుండా అడ్డుపడే మందు. 'సహేలి', 'ఛాయ' పేర్లతో గర్భనిరోధకంగా మనకు తెలిసినది ఇదే. అధిక రక్తస్రావానికైతే ఎక్కువ మోతాదులో, వారానికి రెండుసార్లతో మొదలుపెట్టి తర్వాత ఒక్కసారి చొప్పున ఇస్తారు. ఇక మూడోది హార్మోన్ లూప్. కాపర్-టి లాగే గర్భసంచిలో అమరుస్తారు. రోజుకు 20 మైక్రోగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ అనే ప్రొజెస్టిరాన్ జాతి హార్మోన్‌ను అక్కడికక్కడే వదులుతూ పొరను పలచగా ఉంచుతుంది. నా దృష్టిలో ఈ మూడింటిలో మిన్న ఇదే. ఖరీదు వేలల్లో ఉంటుంది గాని, ఒకసారి వేయిస్తే కనీసం ఐదేళ్లు పనిచేస్తుంది.

ఆపరేషన్‌నూ హార్మోన్ లూప్‌నూ నేరుగా పోటీకి పెట్టిన పరిశోధన ఒకటి ఫిన్లాండ్‌లో జరిగింది. అధిక రక్తస్రావంతో బాధపడే 236 మంది స్త్రీలను చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆపరేషన్, ఇంకో గుంపుకు లూప్ ఇచ్చారు. ఐదేళ్ల తర్వాత చూస్తే బతుకు తీరులో, తృప్తిలో రెండు గుంపులకూ తేడా లేదు. ఖర్చు లూప్ గుంపుకే బాగా తగ్గింది. అయితే ఆ గుంపులో 42 శాతం మంది ఐదేళ్లలోపు చివరికి ఆపరేషన్ చేయించుకున్నారు. ఆపరేషన్ వైపు వాదించేవారు ఈ అంకెను చూపి "చూశారా, ఎటూ తప్పదు" అంటారు. నేను మిగతా 58 శాతాన్ని చూస్తాను. వాళ్లందరికీ మొదటి రోజే కత్తి పెట్టి ఉంటే అది అవసరం లేని కోత. లూప్ వద్దనుకున్నవారికి ఆపరేషన్ దారి తెరిచే ఉంది. ముందే ఆపరేషన్ అయినవారికి వెనక్కి వచ్చే దారి లేదు.

లూప్ కూడా ఓపిక అడుగుతుంది. వేసిన మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా రక్తం కనిపిస్తూనే ఉంటుంది. ఈ సంగతి చెప్పకుండా వేస్తే రెండో నెలకే తీయించేసుకుంటారు.

క్యాన్సర్ భయం మాటేమిటి? అది గాలిలోంచి పుట్టింది కాదు. 2002లో అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అధ్యయనంలో ఒక భాగాన్ని నడిమధ్యలో ఆపేశారు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ జాతి మందు) కలిపి వాడినవారిలో ఏడాదికి పదివేల మందిలో ఎనిమిది మందికి అదనంగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆ అధ్యయనంలో ఉన్నవారంతా ముట్లుడిగినవారు, సగటు వయసు 63. ఆ మందు వేరు, ఆ వయసు వేరు. నలభై అయిదేళ్ల మనిషికి నెలసరి గాడిన పెట్టడానికి ఇచ్చే ప్రొజెస్టిరాన్ జాతి మందును దానితో కలిపేయడం తప్పు. హార్మోన్ లూప్ వాడినవారిలో రొమ్ము క్యాన్సర్ కొద్దిగా ఎక్కువగా కనిపించిన అధ్యయనాలు ఉన్నమాట నిజమే. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి అది వేయకూడదు. మరోపక్క, లోపలి పొర అతిగా పెరిగి క్యాన్సర్ వైపు మళ్లకుండా ఆపేది లూప్ వదిలే ఈ హార్మోనే.

ఒక విషయంలో మాత్రం రెండు దారులనూ ఒకేలా తప్పుపడతాను. పరీక్ష లేకుండా కత్తి పెట్టే డాక్టరు ఎంత తప్పు చేస్తున్నాడో, పరీక్ష లేకుండా ఏడాది పొడవునా నోరెథిస్టిరోన్ బిళ్లలు రాసిచ్చే ఆర్‌ఎంపీ కూడా అంతే తప్పు చేస్తున్నాడు. బిళ్ల కింద దాగిన క్యాన్సర్‌కు ఆ ఏడాది చాలు.

అమ్మా, అక్కా, మీ చేతికి ఆపరేషన్ సంతకం కాగితం వస్తే, ముందు పొర ముక్క పరీక్ష రిపోర్టు చూపించమని అడగండి. అందులో క్యాన్సర్ లేదని తేలితే, కనీసం ఆరు నెలలు హార్మోన్ వైద్యం ఎందుకు చేయకూడదో చెప్పమనండి. అండాశయాలు ఉంచుతారా, తీసేస్తారా అన్నది కాగితం మీద రాయించుకోండి. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా, ఎవరేమన్నా ఆగకుండా ఆ వారంలోనే పరీక్షకు వెళ్లండి.