వృద్ధుల దినచర్య – ఆక్యుపేషనల్ థెరపీ కొలమానాలు: విమర్శనాత్మక పరిశీలన
(దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ గృహజీవన నేపథ్యంలో)

వ్యాససంగ్రహం:
వయోజనులు, వృద్ధులు తమ రోజువారీ పనులు తామే చేసుకొనేందుకు తోడ్పడే శాస్త్రం ఆక్యుపేషనల్ థెరపీ. ఈ రంగంలో ప్రసిద్ధమైన కొలమానాలు 1960లలో అమెరికాలో రూపొందాయి. తూర్పు హైదరాబాదు ఇళ్ళకు వాటిని యథాతథంగా అన్వయిస్తే వృద్ధులు ఏమి కోల్పోయారో, ఏమి తిరిగి పొందగలరో స్పష్టంగా తెలియదని ఈ వ్యాసం వాదిస్తుంది. ఇది క్షేత్రసర్వే కాదు. కొలమానాల పాఠాన్ని ఈ ప్రాంతపు గృహజీవనం పక్కన పెట్టి చదివే ప్రయత్నం.

కీలకపదాలు: ఆక్యుపేషనల్ థెరపీ, వృద్ధులు, దినచర్య, వ్యాపకం, స్వావలంబన, బార్తెల్ సూచిక.

1. పేరులోని చిక్కు

ఆక్యుపేషనల్ థెరపీని తెలుగులో తరచు 'వృత్తి చికిత్స' అంటున్నారు. పదవీ విరమణ చేసి పదిహేనేళ్ళయిన వ్యక్తికి ఈ మాట వినగానే అది తనకు సంబంధించినది కాదనిపిస్తుంది. మూలపదంలోని 'ఆక్యుపేషన్' జీవనోపాధికి పరిమితం కాదు. మనిషి తన కాలాన్ని, చేతులను, మనసును నింపుకొనే పనులన్నీ అందులోకి వస్తాయి. దీనికి దగ్గరి మాట తెలుగులో ఉండనే ఉంది. "రిటైరయ్యాక ఏదో ఒక వ్యాపకం ఉండాలి" అని మన ఇళ్ళలో అనుకొనే 'వ్యాపకం' అదే. అయితే స్నానం, భోజనం, బట్టలు కట్టుకోవడం వ్యాపకం కిందికి రావు, అవి దినచర్య. అష్టాంగహృదయం సూత్రస్థానంలో రెండవ అధ్యాయం పేరే దినచర్య. వ్యాపకం, దినచర్య అనే రెండు మాటలు కలిస్తే గాని ఈ శాస్త్రపు పరిధి తెలుగులో పలకదు. 'వృత్తి చికిత్స' ఆ రెండింటినీ వదిలేసింది.

ఈ శాస్త్రం మనకు కొత్తది కాదు. కమలా నింబ్కర్ 1950లో ముంబయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో శిక్షణాలయం నెలకొల్పారు. 1952లో అఖిల భారత సంఘం ఏర్పడింది. 2021 నాటి జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ వృత్తికి చట్టబద్ధమైన గుర్తింపునిచ్చింది. అయినా హైదరాబాదు నామఫలకాలమీద ఆక్యుపేషనల్ థెరపీ పేరు ఎక్కువగా పిల్లల మాటల శిక్షణ పక్కన కనిపిస్తుంది. పక్షవాతం వచ్చిన పెద్దలను ఇంటివారు ఫిజియోథెరపీకి తీసుకువెళ్తారు. చేయి కదిలితే సంతోషిస్తారు. కదిలిన చేయి ఏ పని చేయాలన్న ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది.

2. మూడు కొలమానాలు

సిడ్నీ కాట్జ్ బృందం 1963లో ప్రకటించిన సూచికలో ఆరు అంశాలున్నాయి: స్నానం, దుస్తులు, మరుగుదొడ్డి వాడకం, పడకనుంచి కుర్చీకి కదలిక, మలమూత్రాలపై అదుపు, భోజనం. 1965లో వెలువడిన మహోనీ–బార్తెల్ సూచికలో పది అంశాలు, మొత్తం 100 మార్కులు. 1969లో లాటన్, బ్రాడీలు వంట, బజారు, ఫోను, మందులు, డబ్బు వ్యవహారం వంటి ఎనిమిది అంశాలను చేర్చి మరొక కొలమానం రూపొందించారు. వీటిని తప్పుపట్టడం సులువే గాని వాటి ప్రయోజనాన్ని కాదనలేము. ఒక నర్సు కొద్ది నిమిషాలలో పూర్తిచేయగలదు. పక్షవాతం తరువాత రోగి ఏ మేరకు కోలుకున్నాడో ఒక అంకెతో చెప్పవచ్చు. చిక్కంతా ఆ అంకెనే జీవితంగా భావించినప్పుడు వస్తుంది.

లాటన్ కొలమానంలో ఒక విశేషం గమనించదగినది. మొదటి రూపంలో పురుషులకు వంట, ఇంటిపని, బట్టల ఉతుకు లెక్కించలేదు. ఎనిమిదింటిలో అయిదే వర్తింపజేశారు. తెలుగు ఇళ్ళకు ఇది బాగా నప్పుతుందని ఎవరైనా అనవచ్చు. కాని పిల్లలు విదేశాలలో స్థిరపడి, భార్య మరణించి, కొత్తపేటలోనో చైతన్యపురిలోనో ఒంటరిగా మిగిలిన పెద్దాయనకు గుక్కెడు కాఫీ కలుపుకోవడం, పిడికెడు బియ్యం కడిగి కుక్కరు పెట్టుకోవడం అన్నిటికన్నా ముందు కావలసిన నైపుణ్యాలు. ఆ కొలమానం ప్రకారం ఆయన సంపూర్ణ స్వావలంబి. వాస్తవానికి రోజూ కర్రీపాయింటు తెరిచేదాకా ఎదురుచూస్తున్న మనిషి. ఆయన చేతులలో లోపం లేదు. ఆ చేతులకు వంట ఎన్నడూ అలవాటు కాలేదు, అంతే. అశక్తతకు, అనభ్యాసానికి మధ్య ఉన్న ఈ తేడాను ఆ పత్రం చూడదు.

3. ముద్ద, చెంబు, కుచ్చిళ్ళు

బార్తెల్ సూచికలో భోజనానికి 10 మార్కులు. ముక్కలు కోయడంలో, వెన్న రాయడంలో సాయం కావలసివస్తే 5 మార్కులే. మన కంచంలో కోయవలసినదీ, రాయవలసినదీ లేవు, కలపవలసినది ఉంది. అన్నంలో పప్పు కలిపి, వేళ్ళ కొసలతో ముద్ద చేసి, జారకుండా నోటికి అందించడం చేతివేళ్ళకు సూక్ష్మమైన పని. కుడివైపు పక్షవాతం వచ్చినవారికి చెంచా ఇచ్చి ఎడమచేత్తో తినమంటే సూచిక దృష్టిలో సమస్య తీరినట్టే. కాని పెళ్ళి బంతిలో నలుగురి మధ్య ఎడమచేత్తో తినవలసివచ్చేసరికి ఆ మనిషి శుభకార్యాలకు వెళ్ళడమే మానుకోవచ్చు. భోజనంలో మార్కులు పూర్తిగా వస్తాయి, బంధువర్గం దూరమవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 నాటి వర్గీకరణలో 'కార్యకలాపం'తో పాటు 'భాగస్వామ్యం' అనే మాటను చేర్చింది ఇటువంటి నష్టాన్ని లెక్కలోకి తేవడానికే.

స్నానానికి 5 మార్కులు. తొట్టి, షవరు, తడిగుడ్డతో తుడుచుకోవడం – వీటిలో ఏదైనా ఒకరి సాయం లేకుండా చేయగలగాలి. బక్కెట్టు స్నానం వేరు. బక్కెట్టు నింపాలి, చెంబు ముంచడానికి వంగాలి, తలమీదికి చేయి ఎత్తాలి. ఇవన్నీ తడి బండల మీద, పాత పోర్షన్లలో అయితే మనిషి తిరగడానికే చాలని గదిలో జరగాలి. ఇక్కడ థెరపిస్టు పద్ధతి సరళమైనది: పనిని అంచెలుగా విడదీసి, ఏ అంచె దగ్గర ఆగిపోతున్నారో చూడటం. బక్కెట్టును నేలమీద కాక ఎత్తయిన పీట మీద పెడితే వంగే అంచె తప్పుతుంది. చెంబుకు బదులు పిడి ఉన్న మగ్గు, కూర్చోవడానికి జారని ప్లాస్టిక్ కుర్చీ, గోడకు పట్టుకొనే కడ్డీ. ఖర్చు స్వల్పమే. అద్దె ఇంట్లో గోడకు రంధ్రం చేయడానికి యజమాని ఒప్పుకోవడమే కొన్నిసార్లు కష్టమైన అంచె!

దుస్తుల విషయంలోనూ ఇంతే. గుండీలు, బూటుతాళ్ళు పత్రంలో ఉంటాయి. అయిదున్నర మీటర్ల చీరకు కుచ్చిళ్ళు పెట్టడం ఉండదు. ఒంటిచేతితో కుచ్చిళ్ళు నిలవవు గనుక నైటీ శాశ్వతమవుతుంది. నైటీతో గుడికి వెళ్ళలేక ఆమె ఇంట్లోనే ఉండిపోతుంది. కుచ్చిళ్ళు ముందే కుట్టి, నడుము దగ్గర అంటుకొనే పట్టీ వేసిన చీర ఈ ముడిని విప్పగలదు. ఏ వీధి దర్జీ అయినా కుట్టగలిగిన ఉపకరణమది.

నేలమీద కూర్చొని లేవడం మూడు సూచికలలోనూ విడి అంశంగా లేదు. వ్రతం పీట, కత్తిపీట, ముగ్గు ఇవన్నీ నేలమీది జీవితానివి. మోకాలి మార్పిడి శస్త్రచికిత్స తరువాత గొంతుక్కూర్చోవద్దని వైద్యులు సాధారణంగా చెబుతారు. ఆ ఒక్క సలహాతో ఎన్ని పనులు పోతాయో లెక్కించి, వాటిలో వేటిని బల్ల ఎత్తుకు తేవచ్చో ఆలోచించే బాధ్యత ఎవరిదన్నది తేలడం లేదు.

4. సేవ కూడా లాగేసుకుంటుంది

ఈ కొలమానాలన్నిటికీ ఆధారం 'స్వావలంబన' అనే విలువ. దీనిని ప్రశ్నించినవారున్నారు. మైకేల్ ఇవామా 2006లో గ్రంథరూపంలో వివరించిన 'కవా' నమూనా జపాను సమాజాన్ని ఆధారం చేసుకొని, మనిషిని పరిసరాలనుంచి విడదీయకుండా నదీ ప్రవాహంగా చూపింది. ఉమ్మడి బాధ్యతలున్న సమాజంలో ఒంటరి స్వావలంబన ఆదర్శం కానక్కరలేదన్న ఆయన వాదం మనకూ వర్తిస్తుంది. కాని దానిని పూర్తిగా అంగీకరించడానికి ఒక అడ్డంకి ఉంది. "మీరు కూర్చోండి అత్తయ్యా, నేను చేస్తాను" అనే మాటలో ప్రేమ, మర్యాద ఉన్నాయి. నెలల తరబడి కూర్చోబెట్టడంవల్ల కండరాలకు కలిగే క్షీణత కూడా ఉంది. కోడలు పొయ్యి దగ్గరికి రానివ్వకపోతే అత్త వంట చేయలేదని పత్రంలో పడుతుంది. చేయలేకపోవడం, చేయనివ్వకపోవడం ఒకే గడిలో చేరతాయి. పరస్పరాధారం మన సంస్కృతి అని సంతృప్తి పడేవారు, ఆ ఆధారం ఒకవైపే నడుస్తున్నదేమో చూడాలి. అత్తయ్య చేతికి గోరుచిక్కుడుకాయలు ఇచ్చి తుంచమనడం అందుకే చికిత్స అవుతుంది. కుర్చీలో కూర్చొని, బల్లమీద తట్ట పెట్టుకొని మొదట తుంచడం, తరువాత ఆకుకూర ఏరడం, ఆపైన కత్తితో తరగడం. ఇదే పనిని క్రమంగా పెంచే పద్ధతి.

వ్యాపకానికి చికిత్సాబలం ఉందనడానికి ఆధారముంది. లాస్ ఏంజెలెస్‌లో 361 మంది వృద్ధులపై జరిగి 1997లో ప్రచురితమైన పరిశోధనలో, థెరపిస్టులు నడిపిన బృందం కేవలం కాలక్షేప బృందం కన్నా మెరుగైన ఫలితాలు సాధించింది. కాలక్షేపం చాలలేదు, తన దినచర్యను తానే పరిశీలించి మార్చుకోవడం నేర్పవలసివచ్చింది. దీనిని ఇక్కడికి తేవాలంటే బతుకమ్మ కన్నా అనువైన సందర్భం తోచదు. తంగేడు, గునుగు పూలను వరుసలుగా పేర్చడం వేళ్ళకు పని, చప్పట్లతో చుట్టూ తిరగడం సమతుల్యతకు అభ్యాసం, పాట జ్ఞాపకానికి. కుర్చీ వేసి పూలు పేర్చే పని పెద్దామెకు అప్పగిస్తే ఆమె ప్రేక్షకురాలిగా మిగలదు.

గడప దాటితే మరొక లెక్క. అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్‌కు మెట్రో 2018 సెప్టెంబరు 24న మొదలైంది; స్టేషన్లలో లిఫ్టులున్నాయి. లాటన్ పత్రం ప్రయాణం చేయగలరా అని అడుగుతుంది. దిల్‌సుఖ్‌నగర్ వృద్ధుడికి రైలు ఎక్కడం కన్నా, లిఫ్టు లేని ఇంటి రెండో అంతస్తు దిగి, బండ్లూ అంగళ్ళూ నిండిన కాలిబాట దాటి స్టేషను చేరడమే గట్టి పరీక్ష.

5. ఏమని అడగాలి?

మేరీ లా బృందం 1991లో ప్రచురించిన కెనడా కొలమానం అంశాలను ముందే నిర్ణయించదు. ఏ పనులు ముఖ్యమో వ్యక్తినే అడిగి, వాటిని ఎంత బాగా చేస్తున్నారో, ఎంత తృప్తిగా ఉందో ఒకటినుంచి పది వరకు మార్కులు వేయమంటుంది. ముద్ద, కుచ్చిళ్ళు, బతుకమ్మ ఇందులో ఇముడుతాయి గనుక మన అవసరాలకు ఇదే దగ్గర. అయితే ఇదీ యథాతథంగా పనిచేయదు. "మీకేం చేయాలని ఉంది?" అని అడిగితే మన పెద్దల సమాధానం తరచు "నాకేం కావాలమ్మా, అన్నీ వాళ్ళే చూసుకుంటారు" అన్నదే. కోరికను సూటిగా చెప్పడం పెద్దరికానికి తగదన్న సంకోచం అందులో ఉంది. కాబట్టి ప్రశ్న మారాలి. "నిన్న పొద్దున లేచినప్పటినుంచి ఏమేం చేశారు? పోయిన దసరాకు మీరు చేసి, ఈ దసరాకు మరొకరు చేసిన పని ఏది?" అని అడగాలి. కొడుకు, కోడలు పక్క గదిలో ఉన్నప్పుడు ఒకసారి, వారు ఎదుట ఉన్నప్పుడు మరొకసారి అడిగి, రెండు సమాధానాలనూ విడివిడిగా రాసుకోవాలి.