ఆరోగ్యశ్రీలో వాడ ఎక్కడ?

ఆరోగ్యశ్రీ మీద జరిగిన చర్చంతా ‘పేదలు’ అన్న మాట దగ్గరే ఆగిపోతుంది. పేదకి కులం ఉంటుందని మన ఆరోగ్య మేధావులకి యిప్పటికీ తట్టదు. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన పథకమిది. తెల్లకార్డు చూసి గుండె ఆపరేషన్‌కీ, క్యాన్సర్‌కీ కార్పొరేట్ ఆసుపత్రికి డబ్బు కట్టింది. ప్రాణాలు నిలిచాయి, కాదనం. కానీ మాదిగవాడలో మనిషిని రోజూ తినేసేవి క్షయ, విరేచనాలు, రక్తహీనత. వీటికి కావల్సింది మంచినీళ్ళు, తిండి, రాత్రిపూట కూడా వూళ్ళో పలికే డాక్టరు. వీటికెవడు ప్యాకేజీ రేటు కడతాడు? కోస్తేనే డబ్బులొచ్చే చోట కోతలే పెరుగుతయ్. గర్భసంచులు అక్కర్లేకుండా తీసేస్తున్నారన్న గొడవ లేచాక గానీ సర్కారు ఆసుపత్రి గుర్తురాలేదు. 2011లో 133 రకాల చికిత్సల్ని వాటికే కేటాయించారు.

సరే, ఆ ఆసుపత్రిని కడిగేదెవరు? కాంట్రాక్టు కూలీలు, ఎక్కువమంది మనోళ్ళే. వాళ్ల చీపురు లేకుండా ప్రజారోగ్యం ఒక్కరోజు నడవదు. మనుషులతో పాకీపని మాన్పించడానికి 1993లో ఒక చట్టం, 2013లో మరొకటి వచ్చాయి. మ్యాన్‌హోల్ చావులు మాత్రం ఆగలేదు. ఆరోగ్య బడ్జెట్ల మీద పేజీలకి పేజీలు రాసేవాళ్ళు ఆ చావుల్ని ఆరోగ్య సమస్య కిందే లెక్కెయ్యరు.