పుట్టెడు

పుట్టీ, నీకు మొక్కుతున్నాను. కళ్లంలో రాశి పోసిన రోజున పసుపూ కుంకుమా అందుకున్న మాటవు నువ్వు. ‘ఈ ఏడు ఎన్ని పుట్లు?’ అని అడిగితే ఒక ఇంటి బతుకంతా అడిగినట్టే ఉండేది. పిల్ల పెళ్లి పెట్టుకోవచ్చా, షావుకారు అప్పు తీరుతుందా, పాలేరు జీతానికి గింజలు మిగులుతాయా, వచ్చే తొలకరికి విత్తనం నిలుస్తుందా? అన్నిటికీ నీతోనే జవాబు.

నీ వంశం చదువుతాను, విను. నాలుగు గిద్దలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. నాలుగు కుంచాలు తూము. ఇరవై తూములు నువ్వు. నడుమ మజిలీలకు కూడా పేర్లు పెట్టారు పెద్దలు. రెండు తూములైతే ఇద్దుము, మూడైతే ముత్తుము, ఐదైతే ఏదుము, పదైతే పందుము. ‘పందుం తిన్నా పరగడుపే, ఏదుం తిన్నా ఏకాశే’ అని ఉపవాసం పేరుతో మెక్కేవాణ్ణి వెక్కిరించారు. పందుమంటే నీలో సగం. సగం పుట్టి లోపల వేసుకుని పరగడుపంటున్నవాడి గుండెకు కూడా ఒక దండం.

ఊరు మారితే కుంచం మారింది, గింజ మారితే బరువు మారింది. మెట్ల వరుస మాత్రం నిలిచింది. ఆ మెట్లన్నీ దిగి చూస్తే నువ్వు 5,120 గిద్దలు. గిద్ద అరచేతిలో ఇమిడిపోతుంది, తాలింపుకు నూనె కొలుస్తుంది. సోలకు పాత్ర ఉంది, తవ్వకు ఉంది, మానికకూ కుంచానికీ ఉంది. నీకే లేదు. నిన్ను ఒక్కసారిగా ఎత్తి పోయగల చెయ్యి పుట్టలేదు, నువ్వు పట్టేంత కొలపాత్ర ఏ కంచరీ చెయ్యలేదు. కొలిచి కొలిచి, వంగి లేచి, లేచి వంగి చేరుకోవలసినదానివి నువ్వు. నీ మహిమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

తూర్పారబట్టిన గింజ ముందు కొలిచేవాడు కూర్చుంటాడు. మొదటి కుంచం ఎత్తి ‘ఒకటి’ అనడు, ‘లాభం’ అంటాడు. ఆ తర్వాతే రెండు, ఆ తర్వాతే మూడు. చుట్టూ వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి తమ మేర కోసం నిలబడి ఉంటారు. కోసినవాళ్లు, మోసినవాళ్లు, నూర్చినవాళ్లు చెమట ఆరకముందే చూపు కుంచం మీద ఆనించి ఉంటారు. వాళ్ల పాలు కుంచాల్లో వెళ్లేది, భూమి ఉన్నవాడి పాలు పుట్లలో వెళ్లేది. పుట్టీ, నీ స్తోత్రంలో ఈ మాట దాచను. నిన్ను పుట్టించిన చేతులు వేరు, నువ్వు చేరిన గాదెలు వేరు. కోసిన చేలో పరిగె ఏరుకున్న పిల్ల ఒడిలో తవ్వెడు గింజలు పడితే ఆ పూట ఆ ఇంట పొయ్యి వెలిగేది. ఆ తవ్వెడూ నీ వంశమే.

నేలనూ నువ్వే కొలిచావు. పుట్టెడు విత్తనం పట్టే పొలం పుట్టెడు పొలం, తూమెడు పట్టేది తూమెడు పొలం. దేవుడి మాన్యాలు ధారపోసినప్పుడు రాళ్ల మీద చెక్కించిన కొలతల్లో నువ్వూ తూమూ ఉన్నారు. సర్వే గొలుసు వచ్చి నేల పొడవెంతో వెడల్పెంతో చెప్పింది. ఆ నేల ఎంత విత్తనాన్ని కడుపున పెట్టుకుంటుందో నువ్వే చెప్పావు.

నీళ్ల మీద నీకు ఇంకో జన్మ ఉంది. కృష్ణ మీదా తుంగభద్ర మీదా గిరగిర తిరుగుతూ రేవు దాటించే గుండ్రటి గంప పడవ పేరు కూడా పుట్టే. వెదురు అల్లి, పైన తోలు కప్పి, ముందూ వెనకా లేని పడవను ఒక్క తెడ్డుతో నడిపించారు జాలర్లు. తోలు పోయి తారు పూసిన గోతాలు వచ్చినా పేరు మారలేదు. ఇల్లు గుల్లయితే ‘పుట్టి మునిగింది’ అనడం ఆ పడవ పుణ్యమే. అప్పు పుట్టని ఏడు పుట్టి మునిగిన ఇళ్లెన్నో పల్లెల్ని అడిగితే తెలుస్తుంది.

ఇక నీ అసలు ఘనతకు వస్తున్నాను. కళ్లు పెద్దవైతే చారెడు అన్నాం. ఆలస్యంగా లేస్తే బారెడు పొద్దెక్కింది అన్నాం. ఆశ గంపెడు, చాకిరీ బండెడు, అండ కొండంత. దుఃఖం దగ్గరికి వచ్చేసరికి తెలుగు నోటికి నువ్వే తోచావు: పుట్టెడు దుఃఖం. సిరిని కొలిచిన కొలతతోనే శోకాన్నీ కొలిచారు. ఎవరన్నారో మొదట, కళ్లం తెలిసినవాళ్లే అయి ఉంటారు. దుఃఖాన్ని కూడా ఎవరూ ఒక్కసారిగా ఎత్తి పొయ్యలేరు. అది గిద్దలు గిద్దలుగా వస్తుంది. ఖాళీ మంచం ఒక గిద్ద. అలమరలో మిగిలిపోయిన మందుబిళ్లలు ఒక గిద్ద. అలవాటు కొద్దీ ఎసట్లో ఎక్కువ పడిన గుప్పెడు బియ్యం ఒక సోల. ఫోన్‌లో చెరపడానికి చెయ్యి రాని పేరు ఒక మానిక. ఇన్ని కలిసి ఎప్పటికో పుట్టి అవుతుంది. తరిగేటప్పుడూ అంతే. పలకరించ వచ్చినవాళ్లు తలా కుంచెడు ఎత్తుకుపోతే తప్ప ఆ రాశి కరగదు. అందుకే చావు జరిగిన ఇంటికి ఊరంతా కదిలేది.

1956లో తూనికలూ కొలతల చట్టం వచ్చింది. కిలోలు వచ్చాయి, లీటర్లు వచ్చాయి. సోలా తవ్వా అటకెక్కాయి, మానిక దేవుడి గూట్లో పసుపు పూసుకుని కూర్చుంది. నువ్వు మాత్రం ఎక్కడికీ పోలేదు. పెన్న నీళ్లు పారే నెల్లూరు సీమలో ధాన్యం ధర ఈనాటికీ పుట్టి మీదే పలుకుతుంది. అక్కడ పుట్టి అంటే 850 కిలోలు. కిలోల చట్టం కింద కిలోలనే కట్టేసి నిన్ను నిలబెట్టుకున్నారు మొలగొలుకులు పండించిన ఆ రైతులు. తేమ ఉందనీ తాలు ఉందనీ పుట్టికి పైన ఇంకొన్ని కిలోలు తూచుకునే రోజుల్లో వాళ్లు నిన్ను తలుచుకునే గొంతు వేరుగా ఉంటుంది. మిగతా సీమల్లో బస్తా లెక్క వచ్చినా మాట్లాడేటప్పుడు నువ్వే దొర్లుతావు. పుట్లకొద్దీ పనులు, పుట్లకొద్దీ అబద్ధాలు, పుట్లు పుట్లుగా కాగితాలు. తూచలేనిదంతా నీ ఖాతాలోనే.

మనుషుల పేర్ల ముందూ నీ కుటుంబం కూర్చుంది. కుంచం వారున్నారు. తూము వారున్నారు, భద్రాచల రాముడి సేవలో బతుకు గడిపి కీర్తనలు కట్టిన తూము నరసింహదాసు ఆ ఇంటిపేరువాడే. పుట్ల వారున్నారు, ‘విహంగ’ మహిళా వెబ్ పత్రిక నడిపిన రచయిత్రి పుట్ల హేమలత. ఆ ఇళ్ల పూర్వులు కొలిచారో, కొలిపించుకున్నారో, ఖాళీ కుంచం బోర్లించి నీళ్లు తాగి పడుకున్నారో ఇంటిపేరు చెప్పదు. బడి రిజిస్టరులో, రేషన్ కార్డులో, అమెరికా వీసా కాగితంలో ఒక కళ్లం మాట చెక్కుచెదరకుండా ప్రయాణం చేస్తోందని మాత్రం చెబుతుంది.

స్తోత్రానికి ఫలశ్రుతి ఉండాలి కదా. నిన్ను తలిచిన ఇంట గిద్దెడు నూనె కోసం పక్కింటికి గిన్నె పంపే అవసరం రాకూడదు. తూచేవాడి చెయ్యి వంకర పోకూడదు. పుట్టికి పైన తూచుకున్న కిలోలు రైతు ఇంటికి తిరిగి రావాలి. కోసిన చేతికి కూలి కుంచం నిండుగా పడాలి. దుఃఖం పుట్టెడైన వాకిట్లో ఎత్తుకుపోయేవాళ్లు తలా కుంచంతో బారులు తీరాలి. మొదటి కుంచానికి పలికిన ‘లాభం’ ఆఖరి కుంచం దాకా నిజమవ్వాలి.