పక్క సీటు తూకం

ఒమన్‌లోని సీబ్‌లో ఏప్రిల్ దాటితే కార్ల సీట్ల మీద తువాళ్ళు కనిపించడం మొదలవుతుంది. మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టిన బండి తలుపు తీస్తే నల్ల లెదర్ సీటు మీద కూర్చోవడం మాట అటుంచి, చెయ్యి కూడా ఆనించలేం. మాకు ఆగ్నేయంగా ఉన్న ఖురయ్యాత్‌లో, అదీ మస్కట్ గవర్నరేట్‌లోదే, 2018 జూన్ 26న ఇరవై నాలుగు గంటల్లో ఒక్క క్షణం కూడా ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కిందికి దిగలేదు. ఎండ తగ్గాక దుమ్ము, దుమ్ము తగ్గాక చెమట. ఇలాంటి చోట సీటు కవరు సోకు కోసం వేసుకునేది కాదు. బండి అమ్మేటప్పుడు నాలుగు రియాల్లు ఎక్కువ రావాలన్నా లోపలి సీటు చెక్కుచెదరకుండా ఉండాలి. అందుకే ఇక్కడి మన తెలుగువాళ్ళు కారు కొన్న మొదటి వారంలోనే కవర్లు వేయిస్తారు. ఆ అవసరాన్ని నేను కాదనను. కానీ డ్రైవరు పక్క సీటుకు కవరు తొడిగేముందు ఆ సీటులో ఏముందో తెలుసుకోవాలి. అది తెలియనివాళ్ళు మనలో చాలామంది ఉన్నారు కాబట్టే ఈ వారం ఈ సంగతి.

సనాయా అని పిలిచే మాబేలా పారిశ్రామిక వాడలో కుషన్ పని చేసే షాపుల ముందు కుర్చీ వేసుకుని పని చూడడం నాకు ఇష్టం. రాయచోటి వైపు నుంచి వచ్చిన తమ్ముడొకడు అక్కడ సీట్లు కుడతాడు. మొన్న ఒక బండి ముందు సీటును బోల్టులు విప్పి, బల్ల మీద బోర్లా పెట్టి, కవరు ఎక్కడెక్కడ పట్టుకుని ఉందో చూపించాడు. ఇనుప రింగులు ఒక్కొక్కటే పట్టకారుతో తెంపుతూ, సీటు కింద తీగల కట్టలో ఒకచోట వేలు పెట్టాడు. "ఈ పసుపు ప్లగ్గు సూడన్నా. ఎయిర్‌బ్యాగ్ వైరంటే పసుపే. బ్యాటరీ తీయకుండా దీన్ని ముట్టుకోగూడదు," అన్నాడు. ఆ పక్కనే పాత రెడీమేడ్ కవరు తాలూకు ఎలాస్టిక్ ఒకటి వేలాడుతోంది. దాని కొస కొక్కీ సరిగ్గా ఆ తీగల కట్టకే తగిలించి ఉంది. "కొక్కీ పెట్టను ఇనుము దొరకలేదనుకో, చేతికందిన వైరుకే తగిలిచ్చేస్తాండారు. సీటు ముందుకీ వెనక్కీ జరిపినప్పుడల్లా అది లాగుతా ఉంటాది," అన్నాడు. తర్వాత ఫోమ్ పైకెత్తి, కింద చాపలా పరిచిన పల్చటి తిత్తిని చూపించాడు. కూర్చునే మనిషి బరువును కొలిచేది అదే.

ఈ కొలత ఎందుకొచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఎయిర్‌బ్యాగ్ ప్రాణం కాపాడే పరికరమే. కానీ అది మెత్తగా విచ్చుకోదు. గుద్దుకున్నాక సెకనులో ఇరవయ్యో వంతు కూడా గడవకముందే నిండిపోవాలంటే ఎంత వేగంతో రావాలో ఊహించుకోండి. 1990ల్లో అమెరికాలో ఆ విసురుకే ముందు సీట్లో ఉన్న పసిపిల్లలు, పొట్టి మనుషులు చనిపోయారు. 1990 నుంచి 2008 దాకా తక్కువ వేగంతో జరిగిన ప్రమాదాల్లో ముందు ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడం వల్లే పోయిన ప్రాణాలు 290కి పైగా ఉంటాయని అక్కడి రహదారి భద్రతా సంస్థ లెక్కగట్టింది. వాళ్ళలో నూటికి ఎనభై మందికి పైగా బెల్టు పెట్టుకోనివాళ్ళు, లేదా సరిగా పెట్టుకోనివాళ్ళు. పక్క సీట్లో పోయినవాళ్ళలో తొంభై శాతం పైగా పిల్లలే.

దాంతో 2000లో నిబంధన మార్చారు. 2003 సెప్టెంబరు నుంచి దశలవారీగా, 2006 సెప్టెంబరు తర్వాత పూర్తిగా, అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ అది వర్తించింది. దాన్ని అందుకోవడానికి చాలా కంపెనీలు ఎంచుకున్న దారి ఒక్కటే. పక్క సీట్లో ఎవరు కూర్చున్నారో బండే కనిపెట్టాలి. పిల్లలైతే ఎయిర్‌బ్యాగ్ ఆగిపోవాలి, పెద్దవాళ్ళైతే సిద్ధంగా ఉండాలి. కొన్ని బండ్లలో ఫోమ్ కింద సిలికాన్ ద్రవం నింపిన తిత్తి ఉంటుంది. మనిషి కూర్చుంటే అందులో పెరిగే పీడనాన్ని బట్టి బరువు లెక్క తేలుతుంది. కొన్నింటిలో సీటును నేలకు బిగించే నాలుగు మూలల్లో బరువు తూచే సెన్సార్లు ఉంటాయి. ఇంకొన్నింటిలో గుడ్డ కింద ఉన్న విద్యుత్ చాప పైన శరీరం ఉందా లేదా అని పసిగడుతుంది. ఏ పద్ధతైనా జవాబు కనిపించేది ఒకచోటే. డాష్‌బోర్డు మీదో, అద్దం దగ్గరో "ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ ఆఫ్" అనే చిన్న లైటు వెలుగుతుంది, లేదా ఆరిపోతుంది.

అమెరికా నిబంధన మనకెందుకు అనుకోవద్దు. సీబ్‌లో మనవాళ్ళు కొనే సెకండ్‌హ్యాండ్ కార్లలో అక్కడి నుంచి వచ్చినవి తక్కువేం కాదు. స్పీడోమీటర్‌లో మైళ్ళు పెద్దగా, కిలోమీటర్లు చిన్నగా ఉంటే మీది అమెరికా బండే. గల్ఫ్ కోసం తయారైన అన్ని మోడళ్ళలోనూ ఈ తూకం ఉండదు. కొన్నింటిలో బెల్టు పెట్టుకోమని గుర్తుచేసే సెన్సార్ మాత్రమే ఉంటుంది. మీ బండిలో ఏదుందో మాన్యువల్ చెబుతుంది, ఆ లైటు చెబుతుంది.

ఇక ఈ వ్యాసం అసలు సంగతికి వస్తాను. నిబంధన ప్రకారం బండిని పరీక్షించేటప్పుడు ఒకవైపు ఏడాది, మూడేళ్ళు, ఆరేళ్ళ పిల్లల బొమ్మలను కూర్చోబెడతారు. ఆరేళ్ళ బొమ్మ బరువు 23 కిలోల పైచిలుకు. వీళ్ళలో ఎవరున్నా ఎయిర్‌బ్యాగ్ ఆగాలి. మరోవైపు చిన్న ఆకారపు ఆడమనిషి బొమ్మను కూర్చోబెడతారు. దాని బరువు సుమారు 49 కిలోలు, ఎత్తు అయిదడుగులు. ఆమె కూర్చుంటే ఎయిర్‌బ్యాగ్ సిద్ధమవ్వాలి. ఈ రెండు బరువుల మధ్య ఎక్కడో ఒకచోట కంపెనీ గీత గీసుకుంటుంది.

అమెరికా లెక్కలో ఆ 49 కిలోల మనిషి అరుదైన కొస. ఆడవాళ్ళలో నూటికి అయిదుగురే అంతకన్నా చిన్నగా ఉంటారని లెక్క వేసి ఆ బొమ్మను చేశారు. మన ఇళ్ళలో ఒకసారి చూడండి. విజిట్ వీసా మీద కడప నుంచో, కోనసీమ నుంచో వచ్చిన అమ్మ, అత్తమ్మ, డిగ్రీ చదివే చెల్లెలు. నలభై అయిదు, నలభై ఎనిమిది కిలోల మనుషులు మన ఇంటింటా ఉన్నారు. ఎయిర్‌పోర్టులో దిగగానే మర్యాదగా ముందు సీట్లో కూర్చోబెట్టేది వాళ్ళనే. డెబ్భై కిలోల మనిషి కింద కవరు వల్ల తూకం కాస్త అటూ ఇటూ అయినా బండి పెద్దగా తడబడదు. గీత దగ్గర కూర్చున్న మనిషికి ఆ కాస్తే ఎక్కువ. కిరాణా కొట్టులో తక్కెడ పళ్ళెం మీద వేలు ఆనించినట్టు, మనం ముచ్చటపడి వేయించిన కవరు అక్కడ తూకం మార్చేస్తుంది.

ఎలా మారుస్తుందో ఆ తమ్ముడు చేత్తో నొక్కి చూపించాడు. దళసరి ఫోమ్ ఉన్న రెగ్జిన్ కవరును కింద పట్టీలతో బిగించి లాగితే, మనిషి కూర్చోకముందే తిత్తి కొంత నలిగి ఉంటుంది. ఖాళీ సీటు బరువు సున్నా అనుకున్న లెక్క అక్కడే తప్పుతుంది. చెక్క పూసల చాప వేస్తే అది సీటు రెండు అంచుల మీద వంతెనలా ఆనుకుంటుంది. మధ్యలో ఉన్న సెన్సార్‌కు రావలసిన బరువులో కొంత అంచులకు పోతుంది. విద్యుత్ చాప ఉన్న బండ్లలో దళసరి కవరు మనిషిని ఆ చాపకు దూరం చేస్తుంది. సీటు తడిసినా దాని లెక్క మారవచ్చు. మూలల్లో తూచే బండ్లకు కవరు కన్నా సీటు కిందికి తోసిన నీళ్ళ సీసాల అట్టపెట్టె ఎక్కువ చేటు. కిందినుంచి సీటును అది మోస్తుంటే మనిషి బరువు తక్కువ చూపిస్తుంది. ఏది జరిగినా బండి ఆగదు, చప్పుడు చేయదు. తూకం తక్కువ చూపిస్తే పెద్దమనిషిని పిల్ల అనుకుని ఎయిర్‌బ్యాగ్ ఆపేసుకుంటుంది. ఆ మనిషికి ఇక బెల్టు ఒక్కటే దిక్కు.

కంపెనీలే దీన్ని సరిగా చేయలేక తిప్పలు పడ్డాయి. 2014లో నిస్సాన్ అమెరికాలో దాదాపు 10 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. పెద్దవాళ్ళు కూర్చున్నా సీటు ఖాళీగా ఉందని సాఫ్ట్‌వేర్ పొరబడే అవకాశం ఉందన్నది కారణం. 2023 డిసెంబరులో టొయోటా పక్క సీటు సెన్సార్లలో షార్ట్ సర్క్యూట్ అయ్యే లోపం వల్ల ప్రపంచమంతా కలిపి 11.2 లక్షల బండ్లను పిలిచింది. 2024 ఫిబ్రవరిలో హోండా కూడా ఇలాంటి సెన్సార్ లోపంతోనే అమెరికాలో ఏడున్నర లక్షల బండ్లను పిలిచింది. ప్రయోగశాలల్లో అన్నేళ్ళు పరీక్షించినవాళ్ళకే ఇంత సున్నితమైన వ్యవహారమైతే, దాని మీద మనం ఎనిమిది రియాల్ల కవరు బిగించి ఏమీ కాదులే అనుకోవడం న్యాయం కాదు.

తప్పు రెండోవైపుకూ జరగవచ్చు. పిల్లల సీటును ముందు పెట్టి, దిండు వేసి, బెల్టుతో గట్టిగా బిగిస్తే ఆ ఒత్తిడి బరువులా కనిపించవచ్చు. అందుకే కొన్ని బండ్లలో బెల్టు బిగువును కొలిచే సెన్సార్ విడిగా పెట్టారు. ఒమన్ చట్టం నాలుగేళ్ళలోపు పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి చేసింది. ఆ సీటు చోటు వెనకే. లైటు ఆఫ్ అని చూపించినా సరే, పిల్లలు వెనకే కూర్చోవాలి.

తూకం లేని బండ్లకు కూడా వర్తించే సంగతి ఇంకొకటుంది. చాలా బండ్లలో సీటు వీపు బయటి అంచున, తలుపు వైపు, చిన్న గుడ్డ ట్యాగ్ మీద "ఎయిర్‌బ్యాగ్" అని కుట్టి ఉంటుంది. పక్కనుంచి గుద్దితే విచ్చుకునే సంచి అక్కడే ఉంటుంది. 1994లో వోల్వో మొదలుపెట్టిన ఏర్పాటు ఇది. ముందు ఉన్నంత ఖాళీ చోటు తలుపుకూ మనిషికీ మధ్య ఉండదు కాబట్టి ఆ సంచి గుద్దిన పది, ఇరవై మిల్లీసెకన్లలోనే రావాలి. కంపెనీ కుట్టిన కవరులో ఆ అంచున కుట్టు తేలిగ్గా తెగేలా దారం, కుట్టు దూరం లెక్కగట్టి ఉంటాయి. దాని మీద మనం ఇంకో రెగ్జిన్ తొడిగి, రెండు వరసల గట్టి దారంతో కుట్టిస్తే సంచి ఆలస్యంగా వస్తుంది, లేదా రావలసిన వైపుకు కాక మరో వైపుకు వస్తుంది. మా తమ్ముడు ఆ అంచును కప్పడు. అక్కడ కవరును పూర్తిగా తెరిచి వదిలేసి, అంచులు పీచులు లేవకుండా మడిచి కుడతాడు. "సూసేదానికి బాగుండదని గొణుగుతారన్నా. బాగుండకపోయినా పర్లేదు, నేను మాత్రం మూయను," అన్నాడు. అతని పనితనంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ మొండితనం.

ఇది గల్ఫ్ కథ మాత్రమే కాదు. మన దేశంలో కొత్త మోడళ్ళకు పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా కారుతోపాటు సీటు కవర్లు ఉచితం అంటే మనం సంబరపడతాం. 2017 డిసెంబరులో కేంద్రం బండ్ల ముందు బిగించే ఇనుప గార్డులను తీయించమని రాష్ట్రాలకు చెప్పింది. ఎయిర్‌బ్యాగ్ సెన్సార్లకు అవి కూడా అడ్డం కావచ్చు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అయిదు ఆన్‌లైన్ దుకాణాలపై ఆదేశాలిచ్చింది. సీటు బెల్టు పెట్టుకోకుండానే అలారం నోరు మూయించే క్లిప్పులు అమ్మినందుకు. 13,118 ప్రకటనలు తొలగించాల్సి వచ్చింది. ఆ క్లిప్పు కొనేవాడు తెలిసి చేస్తాడు. సీటు కవరు వేయించేవాడికి తెలియదు. తెలిస్తే చేయడని నా నమ్మకం.

కాబట్టి ఈ శుక్రవారం సెలవు రోజున ఒక పని చేయండి. ఇంట్లో అందరికన్నా తేలికైన పెద్దమనిషిని పక్క సీట్లో నిటారుగా, కాళ్ళు కింద ఆనించి, బెల్టు పెట్టి కూర్చోబెట్టండి. ఇంజిన్ స్టార్ట్ చేసి, లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరేదాకా ఆగి చూడండి. "ఆఫ్" వెలుగుతూనే ఉంటే కవరు, దిండు, చాప తీసేసి మళ్ళీ చూడండి. అప్పటికీ మారకపోతే, లేదా ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక లైటు వెలుగుతుంటే, కంపెనీ వర్క్‌షాపుకు తీసుకెళ్ళండి. ఈలోగా ఆ మనిషిని వెనక సీట్లో కూర్చోబెట్టండి. సీటు విప్పి అసలు గుడ్డ మార్పించినవాళ్ళు తూకాన్ని మళ్ళీ సున్నాకు తెప్పించే కాలిబ్రేషన్ చేయించారో లేదో అడగండి. అమెరికా బండైతే ఛాసిస్ నంబరుతో రీకాల్ బాకీ ఉందేమో చూసుకోండి.

వేడికి విరుగుడు కావాలంటే అద్దానికి ఎండతెర పెట్టుకోండి, నీడ వెతుక్కోండి. ఎక్కేముందు సీటు మీద తువాలు పరిచి, కూర్చునేముందు తీసేయండి. వెనక సీటుకు దానికి సరిపోయే కవరు, బెల్టు బకిల్స్ మూతపడకుండా వేయించుకోండి. డ్రైవరు పక్క సీటును మాత్రం కంపెనీ ఇచ్చినట్టే వదిలేయండి. ఆ లెదర్ మాసినా, చిరిగినా, అమ్మేటప్పుడు పది రియాల్లు తగ్గినా పరవాలేదు. అందులో కూర్చునేది మీ అమ్మ.