రెండో ట్రిప్పు

ధైర్యం అనగానే మనం ముందుగా దూకినవాణ్ణి మెచ్చుకుంటాం. నాకు మాత్రం వయసు పెరిగేకొద్దీ, వెళ్లొచ్చి మళ్లీ బయల్దేరినవాడి మీదే గౌరవం ఎక్కువవుతోంది. మొదటిసారి వెళ్లేవాడికి అక్కడ ఏముందో సగమే తెలుసు. ఏమీ కాదులే అనుకోవడానికి కాస్త వీలుంటుంది. కళ్లారా చూసొచ్చాక ఆ వీలు కూడా ఉండదు. పతకాలతో పాటు ఇచ్చే ప్రశంసాపత్రాలు చదివేటప్పుడు నేను విశేషణాలన్నీ దాటేసి, ఎన్నిసార్లు వెళ్లారన్న లెక్క కోసం వెతుకుతాను.

అలా నన్ను కట్టిపడేసిన లెక్క 22. వియత్నాంలోని ఇయా డ్రాంగ్ లోయలో 1965 నవంబర్ 14న అమెరికన్ సైన్యపు మేజర్ బ్రూస్ క్రాండాల్ హెలికాప్టర్‌లో వెళ్లొచ్చిన ట్రిప్పులవి. చూ పాంగ్ కొండల దిగువన ఉన్న చిన్న ఖాళీ జాగాకు ల్యాండింగ్ జోన్ ఎక్స్‌రే అని పేరు పెట్టి, లెఫ్టినెంట్ కల్నల్ హాల్ మూర్ బెటాలియన్‌ను అక్కడ విడతలు విడతలుగా దింపుతున్నారు. నాలుగో విడతకు కాల్పులు మొదలయ్యాయి. ఐదో విడతకల్లా ఉత్తర వియత్నాం సైనికుల గురి ఆ జాగా మీద కుదిరిపోయింది. క్రాండాల్ దిగిన కొద్ది నిమిషాల్లోనే ఆయన హెలికాప్టర్‌లో ఉన్న సైనికుల్లో ముగ్గురు చనిపోయారు, ముగ్గురు గాయపడ్డారు. అయినా ఆయన వెంటనే లేవలేదు. నేల మీదున్న మరో నలుగురు క్షతగాత్రుల్ని ఎక్కించేదాకా అక్కడే ఉన్నారు.

అలా ఉండటమంటే ఏమిటో తెలియాలంటే, ఆయన నడిపిన హ్యూయీ రకం హెలికాప్టర్‌లో పైలట్ సీటు దగ్గరికి వెళ్లాలి. ఎడమ చేతిలో హెలికాప్టర్‌ను పైకి లేపే, కిందికి దించే లివర్. కుడి చేతిలో అటూ ఇటూ వంచి నడిపే కర్ర. కాళ్ల కింద తోకను అదుపు చేసే పెడల్స్. రెండు చేతులకూ రెండు కాళ్లకూ పని. చెట్ల మీదుగా తక్కువ ఎత్తులో వేగంగా వచ్చి, చివరి క్షణంలో ముక్కు పైకెత్తి వేగం చంపి, ఎత్తైన గడ్డిలో దిగాలి. తోక చివరి రెక్క కొమ్మకు తగిలితే కథ ముగిసినట్టే. వెనక ఏముందో పైలట్‌కు కనపడదు, వెనక తలుపు దగ్గరుండే క్రూ చీఫ్ తొంగి చూసి చెప్పాలి. దిగాక, కింద నిలబడ్డ సైనికుడు కనీసం నేలకు కరుచుకోగలడు. పైలట్ తల వంచడానికీ లేదు, తుపాకీ తీయడానికీ లేదు. ఎదుట అద్దం, చేతుల్లో కంట్రోల్స్, వెనక మూలుగులు. మోసేవాళ్ల పని అయ్యేదాకా ఇంజన్ ఆపకుండా కూర్చోవాలి.

మనకు హెలికాప్టర్ అంటే ఎన్నికల సభ. రెక్కల గాలికి లేచే దుమ్ము, ఎగిరే కుర్చీలు, కేకలు పెట్టే పిల్లలు. ఆ గోలంతా చూసినవాళ్లకు ఒక సంగతి వేరే చెప్పక్కర్లేదు: హెలికాప్టర్‌కు ఎక్కడా చాటుగా దిగడం కుదరదు. యుద్ధంలో దాని రాక శత్రువుకు ముందే తెలిసిపోతుంది.

ఆ రోజు ఇయా డ్రాంగ్‌లో కాల్పుల మధ్య దిగబోమని వైద్య హెలికాప్టర్లవాళ్లు తేల్చేశారు. వాళ్లకుండే నియమాలు వాళ్లవి. అప్పుడు క్రాండాల్ తనతో వచ్చేవాళ్లెవరని అడిగారు. ముందుకొచ్చింది కెప్టెన్ ఎడ్ ఫ్రీమన్. ఇద్దరూ మందుగుండు మోసుకెళ్లి, తిరుగు దారిలో క్షతగాత్రుల్ని తెచ్చారు. దూరం తగ్గడానికి క్రాండాల్ తన స్థావరాన్ని ప్లే మే నుంచి ఫాల్కన్ అనే ఫిరంగి స్థావరానికి మార్చుకున్నారు. సాహసం చేసే మనిషికి ఇలాంటి లెక్కలు కూడా తెలిసి ఉండాలి. దెబ్బతిన్న హెలికాప్టర్లను వదిలేసి వేరేవి తీసుకుంటూ, ఆ రోజు 14 గంటలకు పైగా పని చేశారు. ఇద్దరూ కలిసి 70 మందికి పైగా క్షతగాత్రుల్ని బయటికి తెచ్చారు. అమెరికా అత్యున్నత సైనిక పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్ ఫ్రీమన్‌కు 2001లో, క్రాండాల్‌కు 2007లో గానీ అందలేదు.

ఆ యుద్ధం న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. కాల్పులు జరిపినవాళ్లు తమ దేశం కోసమే పోరాడుతున్నామనుకున్నారు. ఆ సంగతి మరిచిపోకుండానే ఈ ఇద్దరికీ దణ్ణం పెట్టవచ్చు. వాళ్లు ఆ ట్రిప్పుల్లో చేసింది చంపే పని కాదు, మోసే పని.

మన దగ్గరా ఈ పనివాళ్లున్నారు. 1999 కార్గిల్ యుద్ధంలో చిన్న చీతా హెలికాప్టర్లు కొండల మధ్య నుంచి గాయపడిన జవాన్లను చేరవేశాయి. గుంజన్ సక్సేనా, శ్రీవిద్యా రాజన్ ఆ చీతాలు నడిపినవాళ్లే. తనకు తూటా తగిలితే ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్తారన్న నమ్మకం లేకపోతే కింద పోరాడే మనిషి ఎంతసేపు నిలబడగలడు? ఆ నమ్మకాన్ని నిలబెట్టేది రెండో ట్రిప్పు, ఆ తర్వాతి ట్రిప్పులు.

చివరగా ఒక మాట. ఇలాంటి కథల్లో మనకు పైలట్ల పేర్లే మిగులుతాయి. పైలట్ ఎన్నిసార్లు వెళ్తే అన్నిసార్లూ పక్కన ఒక కో-పైలట్, వెనక తలుపు దగ్గర ఒక క్రూ చీఫ్ కూడా వెళ్లారు. నిర్ణయం ఒకరిదైనా ప్రమాదం అందరిదీ. ఈసారి ఎక్కడైనా హెలికాప్టర్ రక్షణ వార్త చదివితే, మొదటి పేరు దగ్గర ఆగకండి. మిగతా సిబ్బంది పేర్లు కూడా చదవండి. వార్తలో లేకపోతే, ఎందుకు లేవని అడగండి.